బంతి కూడు పెడుతుందా?

విద్యార్థి సంఘం కార్యదర్శి ఒక సాయంత్రం మా హాస్టలు గదికి వచ్చి, "సావనీరుకు ఆటల మీద ఏదైనా వ్రాసివ్వు. నువ్వు ఆడినవాడివి, మానేసినవాడివి కూడా. రెండు వైపులా తెలుసు గదా" అన్నాడు. ఆ "మానేసినవాడివి" అన్న మాట నాకు కాస్త గుచ్చుకున్న మాట నిజం. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే మా గ్రంథాలయంలో పాత సావనీర్లు కొన్ని తిరగేశాను. ఆటల మీద వ్యాసం లేని సంచిక లేదు. అన్నీ ఇంచుమించు ఒకే తీరు. ఆరోగ్యమే మహాభాగ్యం అని మొదలు, యువత క్రీడల్లో రాణించాలి అని ముగింపు. రాణించకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ వ్రాయలేదు. మనలో ఎక్కువమందిమి రాణించని వాళ్ళమే గదా! మన గురించి కూడా ఎవరో ఒకరు నాలుగు ముక్కలు వ్రాయాలి. అందుకే ఈ సాహసం.

మొదట నా సంగతి చెప్పుకోవాలి. మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్టపల్లె. ఆరెకరాల ఎర్రనేల. వానను నమ్ముకొని వేసే శెనక్కాయ పంట. సాలుకు 550 మిల్లీమీటర్లు కురిస్తే మా జిల్లాకు అది మంచి ఏడాది కింద లెక్క. అది కూడా కురవవలసినప్పుడు కురవాలి. మా ఇంట్లో నేనొక్కడినే డిగ్రీ దాకా వచ్చాను. వృక్షశాస్త్రం ప్రధానాంశంగా తీసుకున్నాను. మా నాయన దృష్టిలో అది సగం వ్యవసాయమే. "చెట్ల చదువు" అంటాడు.

నేను ఫుట్‌బాల్ నేర్చుకున్నది హైస్కూల్లో. బడి వెనక గరుసునేల. గోలుపోస్టుల జాగాలో రెండు రాళ్ళు, రెండు చెప్పులు. మా ప్రాంతంలో ఈ ఆటకు మొదటినుంచీ కొంత ఆదరణ ఉంది. స్పెయిన్ దేశం నుంచి వచ్చి అనంతపురంలో స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ప్రారంభించిన సంస్థ పల్లెల్లో ఇళ్ళు, ఆస్పత్రులతో పాటు ఆటల మైదానాలను కూడా పట్టించుకున్నది. నగరం నుంచి మంచి బంతులు ఎప్పుడైనా మా బడిదాకా వచ్చేవి. నాకు ఎడమకాలి వాటం. అది చూసి మా వ్యాయామోపాధ్యాయుడు నన్ను లెఫ్ట్ బాక్‌గా నిలబెట్టాడు. "ఎడమకాలివాడు దొరకడం అదృష్టంరా" అన్నాడు. అంతవరకు నా ఎడమకాలు అదృష్టమని నాతో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఆడి, మోకాళ్ళకు ఎర్రమట్టితో ఇంటికి పోతే మా నాయన అడిగే ప్రశ్న ఒక్కటే: "బంతి కూడు పెడుతుందా రా?"

ఈ ప్రశ్న నన్ను అడిగినట్టే మీలో చాలామందిని మీ నాయనలు అడిగి ఉంటారు. బంతి బదులు బ్యాటు అని ఉండవచ్చు, నాటకమని ఉండవచ్చు. ఆ ప్రశ్నకు మనం ఇంట్లో కోపంతో జవాబు చెబుతాం, బయట ఉపన్యాసాలతో జవాబు చెబుతాం. లెక్కలతో జవాబు చెప్పడం మాత్రం తప్పించుకుంటాం. నేను లెక్కలతోనే మొదలుపెడతాను.

ఒకప్పుడు మన తెలుగు దేశంలో బంతి నిజంగానే కూడు పెట్టింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఉస్మానియాలో చదువుకున్నవాడు, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ జట్టులో పలువురు హైదరాబాదు, సికిందరాబాదు పిల్లలు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికి రహీమ్ గారికి క్యాన్సరు. 1963 జూన్‌లో కన్నుమూశారు. 2024లో వచ్చిన "మైదాన్" అనే హిందీ సినిమా ఆయన కథే. మా హాస్టల్లో ఆ సినిమా చూసినవాళ్ళలో సగంమంది అంతకుముందు ఆయన పేరు వినలేదు. నేనూ ఆ సగంలో ఉన్నాను. సిగ్గుపడవలసిన విషయమే.

ఆ రోజుల్లో అంతమంది ఆటగాళ్ళు ఎట్లా పుట్టారు? గాలివల్లో, నీళ్ళవల్లో కాదు. నాకు తోచిన కారణం ఒకటుంది. పోలీసు శాఖకు జట్టు ఉంది. రైల్వేలకు జట్టు ఉంది. సైన్యంలోని రెజిమెంట్లకు జట్లున్నాయి. తరువాతి కాలంలో బ్యాంకులు, ప్రభుత్వరంగ కర్మాగారాలు జట్లు పెట్టాయి. బాగా ఆడే కుర్రవాణ్ణి ఉద్యోగంలోకి తీసుకొనేవారు. ఉదయం ఆట, తరువాత డ్యూటీ, నెలకు జీతం, ముసలితనాన పింఛను. అంటే ఆటా, కొలువూ ఒకే తల్లి బిడ్డలు. కుర్రవాడు ఏదో ఒకటి ఎంచుకోవలసిన అవసరం రాలేదు.

సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరామ్ సంగతి చూడండి. పేదింటి పిల్లవాడు. 1956లో మెల్‌బోర్న్ వెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోళ్ళు చేశాడు. 1962 స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. కాని 1963లో, ముప్పై ఏళ్ళైనా నిండకుండానే, అనారోగ్యం వల్ల ఆట ఆగిపోయింది. అప్పుడాయన వీధిన పడలేదు. రైల్వే ఉద్యోగం ఆదుకుంది. 2023 ఫిబ్రవరిలో చనిపోయేదాకా బెంగాల్లోనే బ్రతికాడు. కాలు ఆగినా కంచం ఆగలేదన్నమాట. ఆ ఉద్యోగమే లేకపోతే ఆ కథ వేరుగా ఉండేది.

ఆ వంతెన ఇప్పుడు చాలావరకు కూలిపోయింది. శాఖల జట్లు కొన్ని పోయాయి, కొన్ని పేరుకు మిగిలాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దేనికీ ఆ కప్పు దక్కలేదు. కొత్తకాలపు క్లబ్బులు వచ్చాయి గదా అంటారు. వచ్చాయి. హైదరాబాదు పేరుతో 2019లో ఒక క్లబ్బు వెలసింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడా గెలిచింది. ఆ రాత్రి మా ఊళ్ళో సెల్‌ఫోనులో ఆ మ్యాచి చూస్తూ నేను అరిచిన అరుపులకు పక్కింటి అవ్వ లేచి కూర్చున్నది. మూడేళ్ళు తిరిగాయో లేదో, 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. పోలీసు శాఖ ఊరు విడిచిపోదు. క్లబ్బు పోతుంది. ఈ తేడా మనం గమనించాలి.

ఇక మిగిలింది స్పోర్ట్స్ కోటా. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగాల్లో 2 శాతంగా ఉన్న ఈ వాటాను 2024 నాటి క్రీడావిధానంలో 3 శాతానికి పెంచారు. మంచిదే, కాదనను. కాని నేను మైదానంలో చూసినది కూడా చెప్పాలి. కోటా ఇచ్చేది ఆటకు కాదు, సర్టిఫికెట్టుకు. దేశానికి ఆడితే ఒక ఫారం, రాష్ట్రానికి ఆడితే ఒక ఫారం, విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆడితే ఒక ఫారం. అందుచేత బంతిని ప్రేమించే కుర్రవాడు కూడా ఫారాన్ని ప్రేమించడం మొదలుపెడతాడు. ఒక సీనియరు నాకు చెప్పిన సలహా: "తమ్ముడూ, ఫుట్‌బాల్లో పోటీ ఎక్కువ. ఎవరూ ఆడని ఆట ఏదైనా చూసుకో. ఆర్నెల్లలో ఫారం చేతికొస్తుంది." ఆ అన్న చెడ్డవాడు కాదు. ఇంటికి పెద్దకొడుకు, ఇద్దరు చెల్లెళ్ళు. ఆయన లెక్క ఆయనది. కాని ఆటగాడి చేత అట్లాంటి లెక్క వేయించే ఏర్పాటులో ఏదో లోపం ఉందనుకుంటాను.

ఇంత చెప్పాక, "అయితే చదువే మేలు, ఆట వట్టిది" అని తేల్చేద్దామా? తొందరపడకండి. ఇంకొకాయన ఉన్నాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్ టి. ఆవో. నాగా కొండల్లో పుట్టాడు. కలకత్తాలో వైద్యం చదువుతూనే మోహన్ బగాన్‌కు ఆడాడు. లండన్‌లో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడిపోయారు. రెండు పెనాల్టీలు చేజార్చుకొని మరీ ఓడారు. ఆవో ఆ తరువాత డాక్టరు చదువు పూర్తి చేసుకొని తన కొండలకు తిరిగిపోయాడు. అక్కడ జనానికి వైద్యం చేస్తూ, నాగాలాండు ఆరోగ్యశాఖకు డైరెక్టరయ్యాడు. ఆయన ఆట మానేసినవాడే. ఆయన్ను ఎవరూ "మానేసినవాడు" అని వెక్కిరించరు. ఎందుకు? తనకు తానై, తెలిసి, వేళకు మానేశాడు గనుక.

మనకు అర్థం కావలసిన మాట ఈ "వేళ". దీన్ని మా రైతుల భాషలో అదను అంటారు. శెనక్కాయ విత్తడానికి అదను ఉంది. వాన పడ్డాక నేలలో పదును ఆరకముందే గొర్రు కట్టాలి. నాలుగు రోజులు ఆలోచిస్తూ కూచుంటే విత్తనం మంచిదే, నేల మంచిదే, పంట మాత్రం రాదు. ఆటకు కూడా అదను ఉంది. పదహారు నుంచి ఇరవైనాలుగు, ఇరవైఐదు వరకు. ఉద్యోగ పరీక్షలు ముప్పై దాటాక కూడా వ్రాయవచ్చు. పుస్తకం ఎక్కడికీ పోదు. కాని ఇరవైరెండేళ్ళ కాలు ముప్పైరెండేళ్ళకు ఉండదు. మన పెద్దలు "ముందు చదువు కానీ, ఆట తరువాత చూద్దాం" అంటారు. వాళ్ళు చెప్పేది ఎట్లా ఉందంటే, ముందు కోత కోసి తరువాత విత్తు అన్నట్టుంది.

మరి ఇంత తెలిసినవాడివి నువ్వెందుకు మానేశావయ్యా అని అడుగుతారు. చెబుతాను. అది చెప్పకుండా ఈ వ్యాసం వ్రాస్తే నేను కూడా ఉపన్యాసం ఇచ్చినవాణ్ణే అవుతాను.

ద్వితీయ సంవత్సరంలో అంతర కళాశాలల పోటీలు. సెమీఫైనల్. విశ్వవిద్యాలయ జట్టుకు నన్ను తీసుకోబోతున్నారని అప్పటికే కబురు. సౌత్ జోన్ పోటీలకు వెళతానని ఇంట్లో చెప్పేశాను కూడా. రెండో సగంలో ఎదుటివాళ్ళ వింగర్ నన్ను దాటుకొని పోయాడు. నేను గిర్రున తిరిగాను. నన్ను ఎవరూ తాకలేదు. గరుసులో పాదం ఇరుక్కుంది, ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. లోపల "టప్" మన్నది. ఎండిన శెనక్కాయను వేళ్ళతో నలిపితే వచ్చే చప్పుడు. అంతే.

మైదానంలో మంచుగడ్డ లేదు, స్ట్రెచర్ లేదు. ఇద్దరు మిత్రులు మోసుకొచ్చి చెట్టుకింద పడుకోబెట్టారు. ఒకడు సోడాబండి దగ్గరికి పరుగెత్తి ఐసు తెచ్చాడు. ఇంకొకడు మంచిదనుకొని కాలు పట్టి లాగాడు. మర్నాటికి మోకాలు గుమ్మడికాయ. మా నాయన వచ్చి ఊరికి తీసుకుపోయి, కట్టు కట్టే ఆయన దగ్గర ఆకు పసరు, కోడిగుడ్డు వేసి కట్టించాడు. ఎముక విరిగితే ఆ కట్టు పనిచేస్తుందేమో. నాకు విరగలేదు, తెగింది. తెగినది మోకాలి నడుమ ఉండే ఒక చిన్న లిగమెంటు. మా జంతుశాస్త్రం మిత్రుడు తరువాత బొమ్మ గీసి చూపించాడు. దానికి రక్తప్రసారం తక్కువ, తెగితే తనంతట తాను అతుక్కోదు. ఈ సంగతి తెలియక రెండు నెలలు కట్టుతో గడిపాం. వాపు తగ్గింది, నడిచాను, బాగైపోయిందనుకున్నాం. ఒకరోజు బస్సు దిగుతుంటే మోకాలు జారి, రోడ్డు మీద కూలబడ్డాను.

చివరికి పెద్ద డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన స్కానింగు ఫిల్ము చూసి, నా వైపు తిరిగి ఒకటే అడిగాడు: "నీకు నడవడానికి కావాలా, ఆడడానికి కావాలా? నడవడానికైతే తొడ కండరాలకు వ్యాయామం నేర్పిస్తాను, చాలు. ఆడడానికైతే ఆపరేషన్ చెయ్యాలి. ఆ తరువాత కనీసం తొమ్మిది నెలలు పట్టుతుంది."

ఇంతవరకు నాకు పరీక్షల్లో వచ్చిన ప్రశ్నలన్నిట్లో కష్టమైన ప్రశ్న అదే. సిలబస్‌లో లేని ప్రశ్న.

బయటికి వచ్చి వేపచెట్టు కింద కూచున్నాం. బంతి కూడు పెడుతుందా అని ఎనిమిదేళ్ళు అడిగిన మా నాయన అప్పుడు ఆ మాట అడగలేదు. "ఎద్దుల్ని అమ్మేద్దాంలే. ట్రాక్టరు బాడుగకు దొరుకుతాది" అన్నాడు. కార్డు మీద ఆపరేషన్ అవుతుందేమో విచారించవచ్చు. కాని తొమ్మిది నెలల రాకపోకలు, వ్యాయామం, తిండి, ఇవేవీ కార్డు మీద రావు. నేను వద్దన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్న మాట ఇది: "నీ ఇష్టం నాయనా. కానీ రేప్పొద్దున, మా నాయన వల్ల ఆట మానేసినానని మాత్రం నలుగురిలో అనొద్దు."

నేను నలుగురిలో అన్నది సరిగ్గా అదే. హాస్టల్లో ఎవరడిగినా "ఇంట్లో డబ్బు లేదురా" అని చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. ఏడాదిపాటు ఆ అయ్యో తిని బ్రతికాను. ఈ పుట మీద నిజం ఒప్పుకుంటున్నాను. డబ్బు ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. డాక్టరు ఆ మాట అన్నప్పుడు నాకు దుఃఖంతో పాటు, ఎక్కడో ఒక మూల, ఊరట కూడా కలిగింది. సౌత్ జోన్ దాకా పోతే అక్కడ నాకన్నా మంచి లెఫ్ట్ బాక్‌లు ఉంటారు. నేను వాళ్ళంతటివాణ్ణి కాదని తేలిపోతుందేమోనన్న భయం నాకు ఎప్పటినుంచో ఉంది. మోకాలు నాకొక మర్యాదైన సాకు ఇచ్చింది. నేను ఓడిపోలేదు, దెబ్బ తగిలింది. ఎంత బాగుంది!

సోదరులారా, సోదరీమణులారా, మన తరంలో ఆట మానేసినవాళ్ళందరి వెనకా ఇట్లాంటి మోకాలు ఒకటి ఉంటుందని నా అనుమానం. కొందరికి అది నాయన, కొందరికి పేదరికం, కొందరికి కళాశాల. ఇవన్నీ నిజమైన అడ్డంకులే. నేను కొట్టిపారెయ్యడం లేదు. కాని అడ్డంకి ఎంత, మన భయం ఎంత అని మనకు మనం తూకం వేసుకోవాలి. తూకం వేసుకొని మానేస్తే అది టి. ఆవో మానేసినట్టు. వెయ్యకుండా మానేస్తే నేను మానేసినట్టు.

నిజామాబాద్ జిల్లా తండాలో రైతుకుటుంబంలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బుదాకా వెళ్ళింది. ఆ అమ్మాయికి అడ్డంకులు నాకన్నా తక్కువని ఎవరంటారు? మన కళాశాలలో ఇంతవరకు బాలికల ఫుట్‌బాల్ జట్టే లేదు. అడిగితే "అమ్మాయిలు ముందుకు రావడం లేదు" అన్నారు. సాయంత్రం ఆరు దాటితే హాస్టలు గేటు మూస్తారు, మైదానంలో దీపాలు లేవు. ముందుకు ఎట్లా వస్తారు?

మళ్ళీ మా నాయన ప్రశ్నకు వస్తాను. బంతి కూడు పెడుతుందా? పెట్టదు నాయనా. నూటికో కోటికో ఒకరికి పెడుతుంది. మా జట్టులో పద్దెనిమిది మందిమి. ఒకడు బెంగుళూరులో బైకు మీద భోజనం పొట్లాలు అందిస్తున్నాడు. ఇద్దరు కానిస్టేబులు పరీక్షకు చదువుతున్నారు. ఒకడు వాళ్ళ మామ ఎరువుల కొట్లో ఉన్నాడు. ఎవరికీ బంతి కూడు పెట్టలేదు. కాని నాకొక ఎదురుప్రశ్న తోస్తున్నది. శెనక్కాయ కూడు పెడుతుందా అని నేను మా నాయనను ఎన్నడూ అడగలేదే! నా ఇరవై ఏళ్ళలో ఆ పంట చేతికి నిండుగా వచ్చిన ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయినా వాన పడితే చాలు, మా నాయన గొర్రు భుజాన వేసుకుంటాడు. ఆ పని ఆయనకు తెలుసు, ఆ పనిలో ఆయన మనిషి. అట్లాగే బంతి కాలిదగ్గర ఉన్న ఆ తొంభై నిముషాలు నేనొక మనిషిని. ఆ సుఖానికి విలువ కట్టి జీతంలో కలపమని నేను అడగడం లేదు. దానికి విలువే లేదని మాత్రం ఎవరూ అనకండి.

ఇంకొక తేడా కూడా ఉంది. పంట పోతే పంటల బీమా అని ఒకటుంది. వచ్చినా రాకపోయినా దాని పేరైనా ఉంది. కళాశాల జెర్సీ వేసుకొని ఆడి మోకాలు పోగొట్టుకున్నవాడికి ఏముంది? అందుకే ఊరికే వాపోవడం మాని, విద్యార్థి సంఘం ముందు, అధ్యాపకుల ముందు నాలుగు కోరికలు ఉంచుతున్నాను. ఒక్కటీ ఆకాశంలో లేదు.

మొదటిది, పోటీల తేదీ, ప్రాక్టికల్ పరీక్ష తేదీ ఒకే రోజు పడితే ఆటగాడికి ఇంకొక తేదీ ఇవ్వాలి. దయగా కాదు, నియమంగా. మా గోల్‌కీపరు జట్టుతో వెళ్ళి ప్రాక్టికల్ పోగొట్టుకున్నాడు. వాడి సెమిస్టరు పోయింది. వాడు తెచ్చిన షీల్డు మాత్రం ఇప్పటికీ ఆఫీసు బీరువాలో మెరుస్తున్నది.

రెండోది, జట్టులో ఉన్న ప్రతి విద్యార్థికి ప్రమాద బీమా. మన దగ్గర ఏటా వసూలు చేసే ఆటల రుసుములో నుంచే కట్టవచ్చు. ఆ రుసుము లెక్క ఏడాదికొకసారి నోటీసుబోర్డు మీద పెడితే ఇంకా మంచిది. మైదానంలో ఒక ప్రథమచికిత్స పెట్టె, అందులో కాలు లాగకూడదని తెలిసిన ఒక మనిషి.

మూడోది, బాలికలకు మైదానం. వారానికి మూడు సాయంత్రాలు వాళ్ళవి. ఆ రోజుల్లో గేటు ఒక గంట ఆలస్యంగా మూయాలి. రెండు దీపస్తంభాలు పాతాలి.

నాలుగోది, అన్నిటికన్నా చవకైనది. ప్రథమ సంవత్సరం చివర జట్టులోని ప్రతి పిల్లవాణ్ణీ కూచోబెట్టి, వ్యాయామ విద్యాధ్యాపకుడు ఒకరు, శాస్త్రశాఖ అధ్యాపకుడు ఒకరు, ఇద్దరూ కలిసి మాట్లాడాలి. నీ ఆట ఇంతవరకు వస్తుంది, ఇంతకు మించి రాదు. నువ్వు కోచ్ కాదలుచుకుంటే ఈ దారి, రెఫరీ కాదలుచుకుంటే ఈ దారి. ఆటే ఆడదలుచుకుంటే ఈ రెండేళ్ళు దానికివ్వు, చదువు నెమ్మదిగా కానీ. ఆటకు దూరంగా పోదలుచుకుంటే సంతోషంగా పో. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా మోకాలు నిలిచేదని కాదు. అదను తెలిసేది.

కొందరు అధ్యాపకులు నవ్వుకోవచ్చు. "ఉద్యోగాలే లేని రోజుల్లో వీడికి ఆటల గోల ఏమిటి" అనుకోవచ్చు. అయ్యా, ఉద్యోగాలు లేని రోజులు కాబట్టే అడుగుతున్నాను. ఎటూ భరోసా లేనప్పుడు, ఆట అయినా చదువు అయినా, మనిషి తెలిసి ఎంచుకొనే హక్కయినా మిగలాలి.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటారా? ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షకు చదువుతున్నాను. వ్యాయామవిద్య కోర్సుకు కూడా దరఖాస్తు తెచ్చుకున్నాను గాని, దానికి పరుగు పరీక్ష, దూకుడు పరీక్ష ఉన్నాయి. మోకాలు ఒప్పుకోలేదు. ఆ కాగితం పుస్తకంలోనే ఉంది, చించలేదు. ఊరికి పోయిన ఆదివారాల్లో మా బడి పిల్లలకు బంతి ఆట నేర్పిస్తున్నాను. మొదటి పాఠం కిక్కు కాదు. పరుగులో ఉండి ఆగడం, ఆగి తిరగడం, దూకి మోకాళ్ళు వంచి దిగడం. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ. నా ఆపరేషన్ సంగతి నేనింకా తేల్చుకోలేదు. ఏడాది కింద తేలిపోయిందనుకున్నాను. ఈ వ్యాసం వ్రాస్తుంటే తేలలేదని తెలిసింది. ఈసారి తేల్చుకుంటే మాత్రం నాయన పేరు చెప్పను, డబ్బు పేరు చెప్పను.

చివరిగా ఒక విన్నపం. మన మైదానం గరుసునేల అని అందరికీ తెలుసు. గడ్డి పెంచడానికి నిధులు ఎప్పుడు వస్తాయో ఆ దేవుడికి తెలుసు. రాళ్ళు ఏరడానికి నిధులు అక్కరలేదు. సెలవుల తరువాత కళాశాల తెరిచిన మొదటి ఆదివారం ఉదయం ఆరు గంటలకు నేను నాలుగు తట్టలతో మైదానంలో ఉంటాను. ఎడమవైపు కార్నర్ దగ్గరనుంచి మొదలుపెడదాం. నేను పడ్డది అక్కడే. ఉపన్యాసాలు ఉండవు. వచ్చేవాళ్ళు రండి. పెద్దలకు నా మాటల్లో దుడుకుతనం కనిపిస్తే పిన్నవాడినని మన్నించండి.

— ఒక మాజీ లెఫ్ట్ బాక్
తృతీయ బి.యస్సీ.